సర్వ సల్లవడేదాక

సల్మాబాద్ల జూలై నెల.
నల్లా ఇప్పితే ఉడుకునీళ్లే.
గా నీళ్లతోని తడిపితే
పిండి గిన్నెలనే ఉడుకుతదని లింబాద్రి నవ్విండు.
నేను నవ్వలే.
కష్టం పిండి తడిపేకాడ గాదు,
రెండో సర్వపిండి కాడ.

శుక్రవారం పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాక
వంటరూములో మా వంతు.
రెండు పొయ్యిలల్ల ఒకటి ఎన్నడో ఖరాబైంది.
కోల్డ్ స్టోర్ల మలయాళీ అన్న
పుట్టు చేసుకునే పిండి ఇచ్చిండు, జర మొరుం.
నువ్వులు, పల్లీలు, ఉల్లాకు,
ప్లాస్టిక్ కవర్ల చెమట వట్టిన కరివేపాకు.
శనగపప్పు రాత్రే నానవెట్టిన
మంచం కింద, హెల్మెట్ పక్కకు.

సర్వ మాత్రం దొరకలే.
దుకాణపాయన నాన్ స్టిక్ పెనం సూపిచ్చిండు.
దానికి కడుపు లేదు.
ఆఖరికి నేపాలోళ్ల అన్నం గిన్నె అడుక్కచ్చిన,
ఎనిమిదింటికల్ల కడిగిస్తనని మాటిచ్చి.

బాపు ఎన్నడు కొలత చెప్పలే.
పిండి చేతికి అంటాలె,
చేతిని పట్టుకోవద్దు, అంటుండె.
కారం ఎంతంటే, అమ్మ తుమ్మేదాక.
దర్వాజ కాడ కూసోని బీడీలు జేసే అమ్మ
పొగాకు దుమ్ముకు ఎన్నడు తుమ్మలే,
మా కారానికి తుమ్మేది.
రాత్రంత సాంచెల నడుమ నిలవడ్డ మనిషి,
చెవులల్ల ఆ సప్పుడు ఇంక దిగకముందే
పొయ్యి ముందు కూసోని
పక్కనే ఉన్న నాకు వాడకట్టంత ఇనవడేటట్టు చెప్తుండె:
"నూనె చుక్క! చుక్కంటే చుక్కే!"

మొదటిది మంచిగచ్చింది.
అడుగు ఎర్రగ కాలి, అంచు దానంతటదే ఇడిసింది.
లింబాద్రి నిలవడే తిన్నడు,
నోరు కాలినా ఆగలే.

ఇగ రెండోది.
ఇంటికాడైతే బాపు సర్వను పట్టుకారుతోని లేపి
గోళెంల బోర్లిస్తుండె,
సుయ్యిమని ఆవిరి లేసేది.
ఉడుకు సర్వకు పిండి వెడితే జారుతది.
ఇక్కడ నల్లా కింద వెట్టిన.
ఉడుకు మీద ఉడుకు.
గడియారం ఏడు దాటింది.

గిన్నెను తువాలల సుట్టి రూముకు ఉరికిన.
ఏసీ ముందట కుర్చీ ఏసుకోని
ఒళ్లె పెట్టుకోని కూసున్న.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి పండుకున్న రాజమల్లు
దుప్పట్లకెళ్లి మూతి బయటపెట్టి
ముక్కు రెండుసార్లు ఎగబీల్చి
"తలుపెయ్యిరా, సల్లదనం పోతున్నది" అన్నడు.
తలుపేసిన.
గిన్నె ఎప్పటికో సల్లవడ్డది.
నా తొడలు మాత్రం సల్లవడలే.

మళ్ల పొయ్యి కాడికి.
పిండి ఒత్తుతుంటే పక్కకెళ్లి లింబాద్రి:
"తూట్లు చూపుడువేలుతోని పెడతరు గదనే,
నువ్వేంది, నడిమేలుతోని?"

మా ఇంట్ల గంతే.
అక్క గూడ గంతే పెడతది, మేనకోడలు గూడ
అని చెప్పబోయి
ఆగిన.

నేను పుట్టకముందే
సాంచె బెల్టు బాపు చూపుడువేలు తీసుకున్నది,
రెండో గణుపు దాక.
ఆ మొండివేలు పట్టుకోనే నేను నడక నేర్చిన.
దాన్ని గొట్టి నవ్వేటోన్ని.
పొయ్యి కాడ మాత్రం
ఒక్కనాడు యాదికి రాలే.
సర్వపిండి నేర్చుకున్ననకున్న ఇన్నేండ్లు.
లేని వేలు గూడ నేర్చుకున్న.

ఒక్క తూటు చూపుడువేలుతోని పెట్టి సూసిన.
సన్నగున్నది. నూనె నిలువలే.
పూడ్చి, మళ్ల పెట్టిన.

లింబాద్రి ఏమనలే.
మూత పెట్టి, మంట తగ్గించి
ఇద్దరం చిటచిట ఇనుకుంట నిలవడ్డం.

మూడో ముద్ద మిగిలింది.
పక్క రూమోళ్లు చేపలు పట్టుకోని దర్వాజ కాడికచ్చిండ్రు.
ముద్దను కవర్ల చుట్టి ఫ్రిజ్జుల పెట్టిన,
మీద రూము నంబరు రాసి.
నేపాలోళ్ల గిన్నె తోముతుంటే
నల్లా కింద ఇంక ఉడుకే.